వెనకసీటు సంతకం

డాక్టరుగారి ఉత్తరం విన్నాక వెనకసీటుకు మొట్టమొదట కోపం వచ్చింది డాక్టరుగారి మీదే.

కొన్న పదహారో రోజున కారు ఒక గుంతలో పడిందట. పడగానే వెనక ఇరుసు దగ్గరున్న షాక్ అబ్జార్బరు చెయ్యి పుటుక్కున విరిగిందట. విరిగిన ముక్క వేలాడుతూ వెళ్ళి బ్రేకు కడ్డీకి అడ్డం పడడంతో బండి ఆగలేదు, పక్కనున్న కాలవలోకి దిగింది. డ్రైవరుకు భుజం ఎముక విరిగింది. అంతకుముందు కూడా చిన్న గుంతకే బండి ఐదారుసార్లు పైకీ కిందికీ ఊగేదనీ, రోగి ఇంటికి చేరేసరికి తనే రోగిలా దిగేవాడిననీ డాక్టరుగారు రాశాడు.

పెద్ద ఇంజనీరు చదవడం ముగించి, ఉత్తరం పక్కన ఒక అట్ట కార్డు పెట్టాడు. దానిమీద నాలుగు ముక్కలున్నాయి. ఊపులు: రెండు. కుదుపు: తక్కువ. చప్పుడు: లేదు. పనికొస్తుంది. కింద వెనకసీటు సంతకం, కమాను పట్టీలా వంగిన పెద్ద గీతతో సహా.

"శనివారం నలభై కార్లు గేటు దాటాలి," అన్నాడు ఇంజనీరు. "మీ సంతకం చూసే నలభైకీ ఆ కారుకున్న షాక్ అబ్జార్బరు డబ్బానే బిగించాం. మీరు రాసింది నిజమైతే డాక్టరు అబద్ధాలకోరు. ఆయన చెప్పింది నిజమైతే ఏమనుకోవాలో మీరే చెప్పండి."

వెనకసీటుకు తల కొట్టేసినట్టయింది. డాక్టరు బండిలో బస్తాలు వేయించి ఉంటాడన్నాడు. డ్రైవరు తాగి ఉంటాడన్నాడు. ఇంజనీరు అన్నీ విని, మన పరీక్ష రోడ్డుమీద గుంతలు పూడిపోయాయేమో ఒకసారి చూసుకోండి అని కాగితాలు సర్దుకున్నాడు. ఆ మాట మెత్తగానే అన్నాడు. మెత్తగా అన్నందుకే మరీ ఒళ్ళు మండింది.

వెనకసీటు అంటే సీటు కాదు, మనిషి. యాభై రెండేళ్ళవాడు, పొట్టి, వెడల్పాటి వీపు. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. మోటారు కార్లు ఇంకా కొత్త. గుర్రబ్బళ్ళ కోసం వేసిన రోడ్లమీదే అవీ పరిగెత్తాలి. కారుకు అడుగున ఇనప పట్టీలు దొంతరగా పేర్చి కట్టిన కమానులుంటాయి. చక్రం గుంతలో పడితే ఆ దెబ్బను కమాను మింగుతుంది. మింగి ఊరుకోదు, బండిని ఎగరేసి దించి మళ్ళీ ఎగరేస్తుంది. ఆ ఊపును పట్టి ఆపడానికే షాక్ అబ్జార్బరు. అది ఎలా ఉండాలో ఎవరికీ తెలియని రోజులు కాబట్టి, తోచినవాడు తోచినట్టు చేసి తెచ్చేవాడు. రబ్బరు పట్టాలన్నారు, గొలుసులన్నారు. ఒకాయన గాలి నింపిన తిత్తులు పట్టుకొచ్చాడు. వాటిలో ఏది మంచిదో చెప్పే యంత్రం ఫ్యాక్టరీలో లేదు. వెనకసీట్లో ఈయన ఉండేవాడు.

వాళ్ళ నాన్నది కమాను కొలిమి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈయన ఎర్రగా కాలిన పట్టీలు సుత్తితో వంచుతూనే పెరిగాడు. బండి ఎక్కి వంద గజాలు పోతే చాలు, కమానులో ఎన్నో పట్టీ చిట్లిందో దిగకుండా చెప్పేవాడు. ఫ్యాక్టరీ పెట్టిన ముసలాయన ఆ విద్య కళ్ళారా చూసి, ఉన్నవాణ్ణి ఉన్నట్టు పట్టుకొచ్చి వెనకసీట్లో కూర్చోబెట్టాడు. పన్నెండేళ్ళుగా అదే ఉద్యోగం. ఒళ్ళో వెడల్పాటి సత్తుగిన్నె, గిన్నెలో గీత దాకా నీళ్ళు. బండి పరీక్ష రోడ్డుమీద ఐదు గుంతలూ దాటాక, మిగిలిన నీళ్ళు గీతల పుల్లతో కొలిచి, ఒక్కో గుంతకూ బండి ఎన్నిసార్లు ఊగిందో వేళ్ళమీద లెక్కపెట్టుకుని, దారి పక్కనే కార్డు రాసేవాడు. షెడ్డుకొచ్చి రాద్దామంటే ఒప్పుకునేవాడు కాదు. అక్కడి నుంచి ఇక్కడికి వచ్చేలోగా ఒళ్ళు సగం మర్చిపోతుందనేవాడు.

కూర్చుని తినే ఉద్యోగం అని లేత్ మెషీన్ల దగ్గరివాళ్ళు ఎకసెక్కాలాడేవాళ్ళు. అయితే ఒక్కపూట వచ్చి కూర్చో అనేవాడు వెనకసీటు. వచ్చి కూర్చున్నవాడు రెండోసారి ఎకసెక్కాలాడలేదు. ఆ గుంతలు అలాంటివి మరి. షెడ్డులోవాళ్ళు వాటికి పేర్లు కూడా పెట్టుకున్నారు. మొదటిది తోడికోడలు, రెండోది ఆడపడుచు, మూడోది వియ్యపురాలు, నాలుగోది సవతి. చివరిది, మోకాలు దాకా దిగేది, అత్తగారు.

బండి తోలేది ఆయన బావ, అక్కమొగుడు. ఒకప్పుడు గుర్రబ్బండి తోలేవాడు. గుర్రాలకు గిరాకీ పోయినప్పుడు వెనకసీటే మాట సాయం చేసి ఫ్యాక్టరీలో డ్రైవరుగా పెట్టించాడు. ఇల్లు కూడా ఒకటే. కింద అక్కాబావలు, మేడమీద గదిలో ఈయన. పెళ్ళి చేసుకోలేదు. అక్క చేతి అన్నమే తింటాడు, అక్క చేతి తిట్లే తింటాడు.

ఇంజనీరు గదిలోంచి బయటికొచ్చినవాడు సాయంత్రం గంట కొట్టేదాకా ఆగలేదు. గీతల పుల్ల చేతపట్టుకుని పరీక్ష రోడ్డుకు నడిచి బయల్దేరాడు. పన్నెండేళ్ళలో ఆ రోడ్డును ఆయన నడిచి చూడడం అదే మొదటిసారి. ఎప్పుడు వచ్చినా సీట్లో కూర్చుని, గిన్నె కేసి చూస్తూ వచ్చినవాడే. ముందురోజు వాన పడింది. రోడ్డు పచ్చిగా, మెత్తగా ఉంది.

తోడికోడల్లో పుల్ల గుచ్చి చూశాడు. జానెడు పైనే ఉంది. పూడలేదు. ఆడపడుచూ అంతే. గుంతలు ఎక్కడివక్కడే, ఎంతవంతే ఉన్నాయని ఇంజనీరు మొహాన చెప్పాలనుకుని లేవబోతుంటే అప్పుడు కనపడింది. పరీక్ష కారు కుడివైపు వెనక టైరుకు అడ్డంగా ఒక అతుకుంది. నేలమీద అది కత్తిగాటులా ముద్ర వేస్తుంది. ఆ గాట్లు బురదలో వరసగా వస్తున్నాయి. గుంత దగ్గరికి వచ్చేసరికి ఎడమకు వంగి, అంచు చుట్టి, మళ్ళీ దారిలోకి వచ్చేస్తున్నాయి. వియ్యపురాలి దగ్గర కుడికి వంగాయి. సవతి దగ్గర రెండు చక్రాలూ గుంతను కాళ్ళ మధ్య వదిలేసి పోయాయి. అత్తగారి దగ్గరైతే మరీ ముచ్చటగా, ముందొక చిన్న వంపు, తర్వాతొక పెద్ద వంపు.

వెనకసీటు ఆ బురదలో నిలబడి, ఉదయం తను కూర్చుని వచ్చిన బండి జాడను మొదటి నుంచి చివరిదాకా చదువుకున్నాడు. ఒక్క చక్రం కూడా ఒక్క గుంతలోనూ పడలేదు. పడ్డవన్నీ అంచుల మీది చిన్న మిట్టపల్లాలే. వాటికే తను రెండు ఊపులని రాశాడు.

అప్పుడు ఇంకో సంగతి తట్టింది. దానితో అరికాలి మంట నెత్తికెక్కింది. రెండేళ్ళ కిందట ఒకాయన తోలుబిళ్ళల రకం చేసి తెచ్చాడు. ఇత్తడి పలకల మధ్య తోలుబిళ్ళలు పెట్టి నట్టుతో బిగించింది. గట్టి రకం. చిన్న మిట్టపల్లాల మీద గట్టి రకం ఎప్పుడూ కటువుగానే తగులుతుంది, దాని పస తెలిసేది పెద్ద గుంతలోనే. ఆ పెద్ద గుంత తగల్లేదు. "మరీ కటువు. పనికిరాదు" అని రాసి పంపేశాడు. ఆ మనిషి గేటు దగ్గర నిలబడి, ఇంకొక్కసారి కూర్చుని చూడండని బతిమాలాడు. నా వీపుకు రెండుసార్లు చెప్పించుకునే అలవాటు లేదని తను గొప్పగా జవాబిచ్చాడు. ఆ జవాబు ఇప్పుడు చెవిలో మోగుతుంటే పళ్ళు పటపట కొరుక్కున్నాడు.

ఇంటికెళ్ళేసరికి బావ అన్నం ముందు కూర్చున్నాడు. వెనకసీటు బురదకాళ్ళతోనే లోపలికి వచ్చాడు. కాళ్ళు కడుక్కోమని అక్క అరిచింది. వినిపించుకోలేదు.

"ఎన్నాళ్ళయింది బావా, గుంతలు తప్పిస్తూ?"

బావ ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. దాచలేదు. మూడేళ్ళయిందన్నాడు. మూడేళ్ళ కిందట ఒకరోజు అత్తగారి గుంత దగ్గర వెనకసీటు నడుం పట్టేసి, బండిలోంచి దిగలేక, ఇద్దరు మనుషులు సంచిని దింపినట్టు దింపారు. నెలరోజులు మంచం దిగలేదు. మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజు పొద్దున అక్క మొగుణ్ణి గుమ్మంలో ఆపి, నా తమ్ముడి నడుం నీ చేతుల్లో ఉంది, జాగ్రత్త అని చెప్పింది. అంతే. మొదట్లో కొంచెం కొంచెం తప్పించాడట. రాన్రానూ చేతులకే అలవాటైపోయింది.

"నీకు తెలుసనుకున్నాను రా," అన్నాడు బావ. "అంత తెలివైన వీపు కదా. తెలిసే ఊరుకున్నావనుకున్నాను."

ఆ ముక్క సూటిగా తగిలింది. నిజమే, మూడేళ్ళుగా నడుం నొప్పి తగ్గింది. ఎందుకు తగ్గిందని ఒక్కరోజు కూడా తనను తాను అడగలేదు. కొత్త డబ్బాలు బాగున్నాయి కాబట్టే నొప్పి లేదని మురిసిపోయాడు. బావ మీద ఎంత కోపం వచ్చిందో తన వీపు మీదా అంతే వచ్చింది. కానీ వీపును తిట్టడం కుదరదు కాబట్టి, రెండు వాటాలూ బావకే పెట్టాడు. ఉప్పు తిన్న ఫ్యాక్టరీకి ద్రోహం చేశావన్నాడు. గుర్రాల దగ్గర లద్దె ఎత్తుకునేవాణ్ణి తెచ్చి సీట్లో కూర్చోబెట్టినందుకు నాకు తగిన శాస్తి అన్నాడు. బావ పళ్ళెం ముందు నుంచి లేచిపోయాడు. ఆ పూట ముగ్గురూ తినలేదు.

మర్నాడు గురువారం. వెనకసీటు తెల్లవారగానే రెండు బకెట్ల సున్నం మోసుకెళ్ళి, ఐదు గుంతల అడుగునా పోశాడు. గుంతలో పడ్డ టైరు తెల్లబడి తీరాలి. బావను పక్కకు పిలిచి, ముక్కుకు సూటిగా పోనిమ్మన్నాడు. బావ మొహం ముడుచుకునే సరేనన్నాడు. ఒళ్ళో గిన్నె పెట్టుకుని, పళ్ళు బిగించుకుని కూర్చున్నాడు వెనకసీటు. బండి ఐదు గుంతలూ దాటింది. ఊపులు రెండు. గిన్నెలో నీళ్ళు గీతకు వేలెడు కింద.

దిగి చూస్తే నాలుగు టైర్లూ నల్లగా ఉన్నాయి.

బావ వంగి చూసి, మళ్ళీ చూశాడు. తను సూటిగానే తోలానన్నాడు. ప్రమాణంగా సూటిగానే తోలాను రా అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు, అదే మరీ ఘోరం. గుర్రం ఇంటిదారి పట్టినట్టు ఆ చేతులు వాటంతటవే తిరుగుతున్నాయి, మనిషి అడ్డుపెట్టలేడు. నీ చేతులు నరికి పొయ్యిలో పెట్టాలని వెనకసీటు కేకలేశాడు. పొయ్యిలో పెడితే రేపు నిన్ను ఎవడు మోసుకెళ్తాడని బావ కూడా గొంతు పెంచాడు.

ఇంజనీరు మాత్రం సంతోషించాడు. మళ్ళీ రెండు ఊపులే కదా, పాత కార్డూ కొత్త కార్డూ ఒకటే చెబుతున్నాయి కదా అన్నాడు. వెనకసీటు టైర్ల సంగతి చెప్పాడు. సున్నం గురించి నియమాల్లో ఎక్కడా లేదన్నాడు ఇంజనీరు. అయితే మరో డ్రైవరును పెట్టండి అంటే అదీ నియమం కాదు. పరీక్షకు నియమించిన డ్రైవరే తోలాలి, నియమించిన మనిషే కూర్చోవాలి, ముందు సీట్లో మనిషి బరువున్న ఇసుక బస్తా ఉండాలి. అలా వచ్చిన కార్డే కార్డు. లేకపోతే రేపు ఎవడు పడితే వాడు ఏది పడితే అది రాస్తాడు. శుక్రవారం మధ్యాహ్నం లోపల ఇంకో కార్డు తెస్తే చూస్తాననీ, లేదంటే శనివారం కార్లు వెళ్తాయనీ చెప్పాడు.

నలభై కార్లూ అప్పటికే గేటు లోపల వరసగా నిలబెట్టి ఉన్నాయి. కొత్త రంగు మెరుస్తోంది. వెనకసీటు ఒక్కొక్క దాని కిందికి వంగి, నల్లటి డబ్బానూ దాని సన్నటి చేతినీ చూసుకుంటూ నడిచాడు. పదో కారు దగ్గర ఆగిపోయాడు. వంగలేక కాదు, చూడలేక.

ఆ సాయంత్రం గొడవ అక్కతో. ఆమె వంటింట్లో అంట్లు తోముతోంది. ఆమెవి పెద్ద చేతులు. పాతికేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ దుప్పట్లు ఉతికి పిండిన చేతులు. వెనకసీటు గుమ్మంలో నిలబడి, నువ్వే నా ఉద్యోగం నాశనం చేశావన్నాడు. ఆమె తలెత్తకుండానే మొదలెట్టింది. అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్ళు, అప్పట్నించీ ఈ వీపు రుద్దింది నేను, మంచంలో పడితే తిప్పి పడుకోబెట్టింది నేను, ఆ వీపు మీద నాకు లేని హక్కు మీ ఫ్యాక్టరీకి ఎక్కడ్నించి వచ్చిందని అడిగింది. గుంతలకు అత్తగారనీ ఆడపడుచనీ పేర్లు పెట్టుకుని ఇకిలించే వెధవలకు నడుం విలువేం తెలుసంది. "రేపు నువ్వు విరిగి పడితే ఎత్తేదెవరు? మీ ఇంజనీరు వస్తాడా?"

డాక్టరు కారు సంగతి చెప్పాడు. ఎవరో డ్రైవరు భుజం ఎముక సంగతి చెప్పాడు. పాపం అంది, మళ్ళీ గిన్నె తోమడంలో పడింది. తన మొగుణ్ణి ఈ వయసులో మోసగాడని బయటికి నెట్టిస్తావా అని మాత్రం గుడ్లురిమి అడిగింది.

అప్పుడు వెనకసీటు కేకలు మానేశాడు.

"రేపు కాక ఎల్లుండి నలభై బళ్ళు పోతాయక్కా. వాటిలో వెనకసీట్లో ఎవరో ఒకరు కూర్చుంటారు. వాళ్ళకి బావ తోలడు."

ఆమె తోముతున్న గిన్నెను కింద పెట్టింది. తర్వాత చేతులు కొంగుకు తుడుచుకుని, మొగుడు ఎక్కడున్నాడని అడిగింది. పెరట్లో ఉన్నాడు. వెళ్ళి ఏం చెప్పిందో వెనకసీటుకు వినపడలేదు. బావ గొంతు ఒకసారి లేచి తగ్గింది. తిరిగొచ్చి, ముందు సీట్లో పెట్టే ఇసుక బస్తా బరువెంత ఉంటుందని అడిగింది. చెప్పాడు. నేనూ అంతే ఉంటాను అంది.

ఇసుక బస్తా బదులు మనిషి ఉండకూడదని ఏ నియమంలోనూ లేదు. శుక్రవారం ఉదయం గేటు దగ్గర కావలివాడు ఆమెను ఆపబోతే, నేను బస్తాను, పక్కకు జరుగు అంది. నవ్వాలో వద్దో తెలియక అతను జరిగాడు.

బావ స్టీరింగు పట్టుకున్నాడు. ఆమె పక్కన కూర్చుని, చెప్పులు వదిలేసి కాళ్ళు నేలకు తన్నిపెట్టి, రెండు చేతులూ అతని చేతుల మీద వేసి బిగించింది. వెనక గిన్నె పట్టుకుని తమ్ముడు.  

తోడికోడలు రాగానే బావ చేతులు ఎడమకు గుంజాయి. ఆమె కదలనివ్వలేదు. చక్రం పడింది. వెనకసీటు ఎగిరి పడ్డాడు. సీటు కిందికి పోయి పైకి వచ్చి, మళ్ళీ పోయి మళ్ళీ వచ్చింది. ఐదు, ఆరు, ఏడు అని పైకే లెక్కపెట్టాడు. మూడేళ్ళుగా తను సంతకం పెడుతున్నది ఇలాంటి డబ్బాలకా అని, నొప్పికన్నా ముందు అసహ్యం వేసింది. ఆడపడుచు దగ్గర నీళ్ళు సగం ఒళ్ళో పడ్డాయి. వియ్యపురాలి దగ్గర బావ ఏదో తిట్టు తిట్టాడు. ఎవర్ని తిట్టాడో తెలియదు. వదలమన్నాడు, వదలనంది. సవతిలో పడగానే వెనక ఎడమవైపు ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. గిన్నె అంచు వచ్చి వెనకసీటు గడ్డానికి కొట్టుకుంది. బావ బ్రేకు తొక్కాడు. అత్తగారికి పదడుగుల దూరంలో బండి ఆగింది.

డబ్బా చెయ్యి రెండు ముక్కలైంది. పై ముక్క నూనె కారుతూ చట్రానికి వేలాడుతోంది. నాలుగు టైర్లూ తెల్లగా ఉన్నాయి. ఆమె ఇంకా స్టీరింగు వదల్లేదు. బావ ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వచ్చింది.

వెనకసీటు దిగాడు. ఎవరూ దింపలేదు, దింపనివ్వలేదు. కారు తలుపు పట్టుకుని, రక్తం కారే గడ్డం భుజానికి తుడుచుకుని, నిలబడే కార్డు రాశాడు. ఊపులు: ఏడు. కుదుపు: ఎక్కువ. చెయ్యి: నాలుగో గుంతలో విరిగింది. పనికిరాదు. రాసి, కిందనే ఇంకో రెండు వాక్యాలు చేర్చాడు. మూడేళ్ళుగా పరీక్షల్లో బండి గుంతల్లో పడలేదని. అది కూర్చున్నవాడు కనిపెట్టాల్సిన సంగతనీ, కనిపెట్టలేదనీ.

ఆ రెండు వాక్యాలు ఎందుకు రాశావురా అని బావ అడిగాడు. కార్డులో సగం నిజమే రాయాలా అని వెనకసీటు కసిరాడు.

ఇంజనీరు కార్డు రెండుసార్లు చదివాడు. విరిగిన ముక్కను అటూ ఇటూ తిప్పి చూశాడు. కూర్చోమన్నాడు. వెనకసీటు కూర్చోలేదు, కూర్చుంటే లేవలేడు. గోడకు ఒక చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇంజనీరు కావలివాణ్ణి పిలిచి, నలభై కార్లనూ తిరిగి షెడ్డులోకి నెట్టించమన్నాడు. ఆ తర్వాత మాట మెత్తగానే చెప్పాడు, ఆయన పద్ధతే అది. డ్రైవరు రేపట్నించి రానక్కర్లేదు. ఇలాంటి కార్డు రాసిన తర్వాత మీరు కూడా వెనకసీట్లో కూర్చోవడం బాగుండదు.

"కూర్చోను," అన్నాడు వెనకసీటు. "మూడేళ్ళ కార్డులు బయటికి తీయించండి."

పదకొండు కార్డులు వచ్చాయి. ఎర్ర పెన్సిలు అడిగి తీసుకుని, ఒక్కొక్కటీ బల్లమీద పెట్టి, అడ్డంగా కొట్టేసి, పక్కన సంతకం చేశాడు. గదిలో ఉక్కపోతగా ఉంది. నాలుగో కార్డు తీశాడు. ఇంజనీరు, అన్నిటికీ ఒకే కాగితం రాసిస్తే సరిపోతుంది కదా అన్నాడు. అన్నిటికీ ఒకే సంతకం పెట్టానా అని వెనకసీటు ఎదురడిగాడు.

ఏడో కార్డు తోలుబిళ్ళలాయనది. "మరీ కటువు" అన్న మాటమీద పెన్సిలు ఎంత గట్టిగా నొక్కాడంటే మొన విరిగింది. ఇంకో పెన్సిలు వచ్చేదాకా ఆగి, ఆ మనిషికి ఉత్తరం రాయాలన్నాడు. ఏమని రాయాలని ఇంజనీరు అడిగాడు.

"మీ సరుకు మేం పరీక్షించలేదని రాయండి. నా పేరు వేసి రాయండి."

గేటు బయటికొచ్చేసరికి అక్క ఇంటికి వెళ్ళిపోయింది. బావ ఎక్కడో పాత స్నేహితుణ్ణి పట్టుకుని గుర్రబ్బండి ఒకటి తెచ్చి, రోడ్డు వారన పెట్టుకుని కూర్చున్నాడు. ఉద్యోగం పోయిందని ఎవరో అప్పటికే చెప్పారు. కళ్ళెం చేతిలో పట్టుకున్న మనిషి పదేళ్ళు చిన్నవాడైనట్టు ఉన్నాడు. అది చూస్తే వెనకసీటుకు మళ్ళీ మండింది.

ఎక్కరా అన్నాడు బావ. ఎక్కనన్నాడు వెనకసీటు. ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో గోడలు పట్టుకుని నడక మొదలెట్టాడు. బావ బండిని పక్కనే, మనిషి నడకకు సమానంగా పోనిచ్చాడు. వెనక ఒక సరుకు బండి ఆగిపోయింది. దాని వెనక ఒక మోటారు ఆగి హారన్ కొట్టింది. ఏమిటా ఊరేగింపు అని ఎవరో మేడమీంచి అరిచారు. వీధి మలుపు దాకా ఇద్దరూ అలాగే వచ్చారు. గోడ అయిపోయింది. పట్టుకోవడానికి ఇంకేమీ లేదు.

బావ బండి ఆపాడు.

"గుంతలు తప్పించమంటావా, వద్దంటావా? ముందే చెప్పి ఎక్కు."

వెనకసీటు బావ కేసి చూశాడు. బండి చక్రం పట్టుకున్నాడు. బావ చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పక్కకు నెట్టేసి, కమ్మీ పట్టుకుని, బూతు ఒకటి మింగి, తనంతట తనే ఎక్కాడు. వెనకవైపు ఎక్కలేదు. ముందు, బావ పక్కన, దారిలోని గుంతలు కనపడేలా, కూర్చోకుండా నిలబడ్డాడు.